సోంస్ ఉన్నచోటే వల

శీతాకాలపు ఉదయం. బీహార్‌లోని భాగల్‌పూర్ బరారీ ఘాట్ నుంచి బయల్దేరిన చెక్క పడవ నడిగంగకు చేరగానే జాలరి తెడ్డు ఆపి, మాట్లాడొద్దని సైగ చేశాడు. కాసేపటికి 'సూస్'మంటూ ఓ నిట్టూర్పు. బూడిదరంగు వీపు, పొడవాటి ముక్కు క్షణకాలం మెరిసి మాయమయ్యాయి. ఆ చప్పుడునే తలపించేలా ఇక్కడివారు దాన్ని 'సోంస్' అంటారు.

2009లో జాతీయ జలచరంగా ప్రకటించిన గంగా డాల్ఫిన్ ఇదే. చేపలా కనిపించినా పిల్లకు పాలిచ్చే జీవి. నిమిషం, రెండు నిమిషాలకోసారి పైకొచ్చి గాలి పీల్చక తప్పదు. కళ్లలో కటకం లేదు. తెలిసేది వెలుగు, చీకటి మాత్రమే. బురదనీటిలో చూపుతో పనేముంది? క్లిక్కుమనే శబ్దాలు వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేప జాడ పసిగడుతుంది.

సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా సుమారు 60 కిలోమీటర్ల గంగను 1991లో విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యంగా ప్రకటించారు. నీటిపై జమీందారీలా సాగిన 'పానీదారీ' అంతరించి, సంప్రదాయ మత్స్యకారులకు గంగలో వేట ఉచితమైందీ ఆ ఏడాదే. 1982లో కహల్‌గావ్‌లో మొదలైన గంగా ముక్తి ఆందోళన్ సాధించిన విజయమది. అలా నది ఒకే ఏడు జాలరికీ దక్కింది, డాల్ఫిన్‌కూ దక్కింది.

చిక్కల్లా ఇద్దరికీ కావలసింది ఒకే చేప కావడం. సన్నటి నైలాన్ వలలో చిక్కుకున్న డాల్ఫిన్ పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. దాని కొవ్వు నుంచి తీసిన నూనెను చేపలకు ఎరగా వాడిన రోజులూ ఉన్నాయి.

అలాగని నేరమంతా జాలరి మీదకు నెట్టలేం. 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక, గోదావరి జిల్లాలవారు పులసగా మురిసిపోయే చేప సముద్రం నుంచి ఇటు ఎదురీదడం దాదాపు ఆగిపోయింది. జలమార్గంలో తిరిగే సరుకు పడవల ఇంజన్ల రొద, వినికిడే ఆధారమైన జీవిని అయోమయంలో పడేస్తోంది.

2025లో వెలువడిన తొలి సమగ్ర సర్వే దేశంలో 6,327 నదీ డాల్ఫిన్లు ఉన్నట్టు అంచనా వేసింది. అందులో బీహార్ వాటా 2,220. ఊరటనిచ్చే అంకెలే. కానీ చైనాలోని యాంగ్‌ట్సీ నదిలో 2006లో వారాల తరబడి గాలించినా అక్కడి బైజీ డాల్ఫిన్ ఒక్కటీ కనిపించలేదు.

ఒడ్డుకు తిరిగొస్తూ జాలరి అన్నాడు: "సోంస్ తేలినచోటే మేం వల వేస్తాం బాబూ. అది లేదంటే చేపా లేనట్టే."