సహకార సంఘమున సభ్యురాలి సంతకము

కూరలో ఉప్పు తప్పినచో ఒకపూట భోజనము చెడును. పదిమంది సొమ్ములో లెక్క తప్పినచో పది సంసారములు చెడును. ఈ మాట మేము పుస్తకములు చదివి వ్రాయుట లేదు. రెండు తప్పులు చేసి, నేర్చుకొని వ్రాయుచున్నాము.

మా కాపురము వరంగల్లునకు జంటనగరమైన హనుమకొండలో. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. కొన్ని సంవత్సరముల క్రిందట మా వీథిలోని స్త్రీలము ఇరువదిమందిమి చేరి నెలనెల పొదుపు మొదలిడితిమి. ఆ సొమ్మును మాలో పెద్దామె యొకరి పేరిట బ్యాంకులో నుంచితిమి. ఆమె పైసకు పైస లెక్క చెప్పెడి సాధ్వి. అట్టి యామె యొకనాడు హఠాత్తుగా కాలధర్మము నొందెను. ఖాతా ఆమె పేరిటిది. కావున సొమ్ము ఆమె వారసులకు చెందినది. "మీదనుటకు కాగితమేది?" అని కుమారులడిగిరి. మాయొద్ద నోటిమాట తప్ప మరేమియు లేదు. బ్రతిమాలగా నేడాదికి సగము సొమ్ము తిరిగివచ్చినది, తక్కినది రాలేదు. ఇది మా మొదటి తప్పు.

సంఘమును రిజిస్టరు చేయించుటలో విశేషమేమని పలువురడుగుదురు. విశేషమంతయు నొక్కటియే. రిజిస్టరైన దినము మొదలుకొని సంఘము చట్టము దృష్టిలో నొక వ్యక్తి యగును. దానికి తన పేరును, తన ముద్రయు నుండును. అది యాస్తి సంపాదింపవచ్చును; ఒప్పందములు చేసికొనవచ్చును; న్యాయస్థానమున దావా వేయవచ్చును. ఇతరులును దానిపై దావా వేయవచ్చును. సభ్యులు వచ్చుచు పోవుచుండినను దానికి మరణము లేదు. ఇట్టి సంఘము పేరిట మా సొమ్ముండినచో, ఆ పెద్దమ్మగారి కొఱకు కన్నీరు విడిచి యూరకుందుము. లెక్కలకై ఆమె యింటిమెట్లెక్కెడి దుర్గతి మాకు పట్టకుండెడిది.

ఇందులకు దృష్టాంతము మా జిల్లాలోనే కలదు. భీమదేవరపల్లి మండలమందలి ములుకనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి పూనికచే రైతుల సహకార గ్రామీణ బ్యాంకు వెలసినది. స్థాపకులు గతించినను సంఘము బ్రతికియే యున్నది. ఆ యూరి చుట్టుపట్ల స్త్రీలు తామే సభ్యురాండ్రై పాడి సహకార సంఘమును స్థాపించుకొని, 2002 నుండి 'స్వకృషి' యను పేర పాలు పెరుగులమ్ముచున్నారు. పాలు పోయువారే యజమానురాండ్రు.

వారి సంఘము 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమునకు చెందినది. అంతకు ముందున్న 1964 నాటి చట్టమున ప్రభుత్వము చేయి మిక్కుటము. ప్రభుత్వమునుండి మూలధనపు వాటా పుచ్చుకొనక, తమ సొమ్ముతో, తాము వ్రాసికొన్న నిబంధనావళితో నడచుకొనగోరు వారికై ఈ రెండవ చట్టము పుట్టినది. వేర్వేఱు కుటుంబముల వారు పదిమంది చేరిన చాలును. అయినను 2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాడి సంఘములను ఈ చట్టమునుండి తొలగించి 1964 చట్టము క్రిందికి మరల్చెను. వ్యవహారము న్యాయస్థానముల కెక్కినది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తీర్పు చెప్పెను. స్వేచ్ఛగా నొక చట్టమును కోరుకొన్న సంఘమును, దాని సమ్మతి లేక, వేఱొక చట్టము క్రిందికి నెట్టరాదనుట ఆ తీర్పు సారము. సహకార సంఘముల నేర్పఱచుకొను స్వేచ్ఛ 2012 నుండి మన రాజ్యాంగమునందే పేర్కొనబడినది. పాలచెంబు పట్టు చేతికిని ఇంతటి హక్కు కలదని మనలో నెందఱ మెఱుగుదుము?

హక్కు వెంట విధియు వచ్చును. ఏటేట సర్వసభ్య సమావేశము జరుపవలెను. లెక్కలు తనిఖీ చేయించి సభ్యుల ముందుంచవలెను. వేళకు ఎన్నికలు జరుపవలెను. ఇవి మానిన పాలకవర్గమువారు తమ పదవులకే యనర్హులగుదురు. నిబంధనావళిని, తీర్మానముల పుస్తకమును, తన లావాదేవీల లెక్కను చూడగోరు హక్కు సభ్యురాలికి కలదు. ధనికురాలైనను పేదయైనను ఒక్కరికి ఒక్క ఓటు.

మా రెండవ తప్పు ఇచ్చట. మొదటి నష్టముచే బుద్ధివచ్చి, మా వీథివారము సంఘమును రిజిస్టరు చేయించితిమి. చదువుకొన్నదానినని నన్ను కార్యదర్శినిగా నెన్నుకొనిరి. ఒకమారు పెండ్లికై కరీంనగరము పోవలసివచ్చి, తీర్మానముల పుస్తకమున ఖాళీ పుట యడుగున ముందుగనే సంతకము చేసి వెడలితిమి. తిరిగివచ్చిన పిమ్మట సమావేశమున, కుట్టుపని చేసి జీవించు నొక చిన్నది, "అక్కయ్యా, ఆ పుస్తకము నొక్కసారి చూడవచ్చునా?" యని యడిగినది. మాకు కోపము వచ్చెను. "మేము దొంగలమా?" యంటిమి. ఆమె తలవంచుకొనియే పుటలు త్రిప్పి, ఖాళీ పుట క్రింద మా సంతకమును చూపి, "దీనిపైన ఎవరైన అప్పు తీర్మానము వ్రాసినచో మాకందఱికిని పూచీయే కదా?" యనెను. మా నోట మాట రాలేదు.

ఆ రాత్రి ఈ సంగతి చెప్పగా మావారు, "పిల్లవాడు వ్రాయని పరీక్షపత్రమున నేను మార్కులు వేయుదునా?" యని మాత్రమనిరి. మఱుసటి సమావేశమున ఆ పుటపై అడ్డముగా గీత గీసి, మా తప్పును మేమే చదివి వినిపించి, ఆమెకు క్షమాపణ చెప్పుకొంటిమి. నాటినుండి మా సంఘమున సంతకములకు ముందు ప్రతి తీర్మానమును ఆమెయే బిగ్గరగా చదువును.

చిన్ననాడు మా తండ్రిగారు నీతిచంద్రికలోని చిత్రగ్రీవుని కథ చెప్పించెడివారు. పావురములన్నియు కలిసి వలతో నెగిరినవని ఐకమత్యమును మెచ్చుకొనుటయే మాకప్పుడు తెలియును. పిదప ఎలుక తన వల కొఱుక వచ్చినపుడు, ముందు నావారి బంధములు కొఱుకుమని రాజు వేడుకొనుట యిప్పుడు మాకు పెద్దదిగా తోచుచున్నది. కలిసి యెగురుట హక్కు. తనవారి బంధములు ముందు చూచుట విధి.

కావున సోదరీమణులారా, మీ సంఘమున సంతకము చేయుటకు ముందు పై నేమున్నదో చదువుడు. పుస్తకము చూపుమని యడిగిన సోదరిపై కోపింపకుడు. ఆమెయే మన సంఘమునకు కాపలా.