తుఫానుకి పడిన చెట్టు, నా బల్ల

మా ఇంట్లో నేను రాసుకునే బల్ల నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. సిల్వర్ ఓక్ పలక. ఆ చెట్టును మేం నరకలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి మన కొండల మీదకి వచ్చినప్పుడు కాఫీ తోటలో నీడ చెట్లు వరసగా ఒరిగిపోయాయి. వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలూ వాటితోపాటే పోయాయి. మా ఆయన మూడు దుంగలు కోయించి పలకలు చూరు కింద పేర్చాడు. ఆరేళ్ళు అలాగే ఉన్నాయి. కోళ్ళు వాటి మీద పడుకునేవి.

అప్పటిదాకా నేనెక్కడ రాసేదాన్నో చెప్పాలి. ఆశ్రమ పాఠశాలలో ట్రంకు పెట్టె మూత మీద రాశాను. మీలో చాలామంది అలాగే రాసి ఉంటారు. భీమిలి డైట్‌లో శిక్షణ పొందినప్పుడు పాఠ్య ప్రణాళికలన్నీ బోర్లా పడుకుని రాశాను. ఉద్యోగం వచ్చాక పొయ్యి దగ్గర పీట వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని. ఇంట్లో చోడి గింజలకి అటక ఉంది, కోళ్ళకి గంప ఉంది, గొడ్లకి సాల ఉంది. టీచరమ్మ కాగితాలకి మాత్రం చోటు లేదు. అప్పట్లో అది నాకు లోటుగా అనిపించలేదు కూడా.

మా అవ్వ కూబి మాటలు చెబుతుంటే రెండేళ్ళపాటు ఒక పెద్ద నోటుపుస్తకంలో రాసుకున్నాను. చెట్ల పేర్లు, సామ చేనులో కలుపు తీస్తూ పాడే పాటలు, నక్క కథలు. పొగ తగిలితే పురుగు పట్టదని ఆ పుస్తకాన్ని అటక మీద విత్తనాల బుట్ట పక్కన పెట్టేదాన్ని. ఒక ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టింది. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి మా అత్త అందులోంచి కాగితాలు చింపి పొయ్యి ముట్టించి అంబలి కాచింది. అట్టా, చివరి ఎనిమిది కాగితాలూ మిగిలాయి. ఆ అంబలి నేనూ తాగాను. అవ్వ అంతకు ముందు ఏడాదే పోయింది.

అత్త మీద కోపం రాలేదని చెప్పను. రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆమెకి అక్షరం రాదు. పొయ్యి పైన ఉన్న పాత కాగితం పొయ్యికి కాక మరి దేనికి అనుకుంటుంది? అది నా వస్తువని చెప్పే గుర్తు ఇంట్లో ఎక్కడా లేదు.

2020 మార్చిలో బడులు మూశారు. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నంబరు 3 కొట్టేసిందని ఫోనులో చదివాను. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో అది. నా ఉద్యోగం దాని వల్ల వచ్చిందే. అప్పటికే చేరినవాళ్ళ జోలికి తీర్పు పోలేదు కాబట్టి నా కోసం భయం లేదు. భయం వేరే. నా తర్వాత ఒకటో తరగతికి కూబి రాని టీచరు వస్తే ఆ పిల్లలు చెప్పేది ఎవరికి అర్థమవుతుంది? ఇరవై ఏళ్ళ కిందట మన భాషల్లో వాచకాలు తయారైనప్పుడు కూబి, కువి, ఆదివాసీ ఒడియా అన్నీ తెలుగు లిపిలోనే రాశారు. ఆ పనిలో కూర్చున్నవాళ్ళలో మనలాంటి టీచర్లున్నారు. మర్నాడు చూరు కింద పలకల మీంచి కోళ్ళని తోలాను.

మొదట చాప మీద కూర్చుని రాద్దామని అడుగు ఎత్తులో కట్టించాను. నెలకే మోకాళ్ళు పట్టేశాయి. మళ్ళీ వడ్రంగిని పిలిచి రెండున్నర అడుగులకి ఎత్తించాను. సిల్వర్ ఓక్‌కి నేరుగా మేకు కొడితే చీలుతుందని, బెజ్జం పెట్టి స్క్రూ బిగించాలని అతనే చెప్పాడు. కిటికీ ఎడమ చేతి వైపు వచ్చేలా వేయించాను. అలాగైతే చేతి నీడ అక్షరం మీద పడదు. చలికి భయపడి మన ఇళ్ళకి కిటికీలు చిన్నవి పెడతాం కదా, ఆ కాస్త వెలుగూ వృథా కాకూడదు. చెద పట్టకుండా కాళ్ళ కింద రాళ్ళు. వానాకాలం గోడ చెమ్మకి కాగితం బూజు పడుతుంది కాబట్టి, రాయడం అయ్యాక పుస్తకాలు ట్రంకు పెట్టెలోకి వెళతాయి. ఆశ్రమ పాఠశాల నాటి పెట్టే. కరెంటు పోతే ఒక చార్జింగు లైటు. వడ్రంగి కూలీ, స్క్రూలూ, లైటూ తప్ప ఖర్చేం లేదు.

వేరే గది కట్టుకునేదాకా ఆగుదామని మా ఆయన అన్నాడు. అంబేద్కర్ గారి చిన్నప్పుడు పరేల్‌లో ఇల్లంతా ఒకటే గది. తండ్రి ఆయన్ని పెందలాడే పడుకోబెట్టి, అందరూ నిద్రపోతుండగా రాత్రి రెండు గంటలకి చదువుకోమని లేపేవాడట. దాదర్‌లో పుస్తకాల కోసం రాజగృహ కట్టుకున్నది చాలా ఏళ్ళ తర్వాత. నాకు దొరికింది తెల్లవారుజాము నాలుగు నుంచి ఐదున్నర. మిగతా వేళల్లో ఆ బల్ల నాది కాదు. ఫోన్లు చార్జింగుకి అక్కడే. ఊళ్ళో వాళ్ళ ఆధార్ జిరాక్సులు, అటవీ హక్కుల పట్టాలు, కాఫీ అమ్మిన చీటీలు అక్కడే. కూతురు ఇంటర్ చదివిన రెండేళ్ళూ సాయంత్రాలన్నీ దానివే. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత ఒకే మాట చెప్పాను: బల్ల మీద ఎవరేం పెట్టుకున్నా సరే, పెట్టెలో మాత్రం చెయ్యి పెట్టకూడదు.

మా అత్త చాలాకాలం ఆ మూలకి రాలేదు. ఒక చలికాలం తెల్లవారుజామున కుంపటి తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఏం రాస్తున్నావని అడిగింది. మిగిలిన కాగితాల్లోంచి ఒక మాట చదివాను. "అలా కాదే, పిల్లా" అని నాలుక అదిరించి మళ్ళీ పలికింది. కూబిలో ర రెండు రకాలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో కూబి మీద వేసిన పుస్తకంలో ఈ తేడా రాశారు. తెలుగులో మనం వదిలేసిన బండి ఱ ఆ రెండోదానికి చక్కగా సరిపోతుంది. పుట్టినప్పటి నుంచి నేను మాట్లాడుతున్న భాషే, అయినా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసిన రోజుల్లో రెంటినీ ఒకే అక్షరంతో రాసేశాను. ఆ ఎనిమిది కాగితాలూ ఇప్పుడు దిద్దుతున్నాను.

కలుపు పాటల్లో ఒకటి అత్తకి సగమే వచ్చు. మిగతాది తెలిసిన పెద్దమ్మ ఒకామె గెడ్డ అవతల ఊళ్ళో ఉందట. కాఫీ పళ్ళు ఏరడం అయ్యాక వెళదామంది. పుస్తకంలో అక్కడ సగం పేజీ వదిలిపెట్టాను.