శకల సంధానము

చిత్తభూములు ఐదని యోగసూత్ర భాష్యమున వ్యాసులవారు నిరూపించిరి. క్షిప్తము, మూఢము, విక్షిప్తము, ఏకాగ్రము, నిరుద్ధము అని వాని పేర్లు. వీనిలో మూడవదానిని గూర్చి దాదాపు నలువది సంవత్సరములు విద్యార్థులకు పాఠము చెప్పిన ఒక సంస్కృతోపన్యాసకునకు, ఆ పదమునకు దృష్టాంతము తన ఇంటి కంప్యూటరు తెరమీద ఎఱ్ఱని గీతల రూపమున కానవచ్చునని ఎన్నడును తోచియుండలేదు.

ఆయన నివాసము రాజమహేంద్రవరము. 2008వ సంవత్సరమున జరిగిన సంగతి యిది. అప్పటికి ఆయనకు డెబ్బదియొక్క ఏండ్లు. ఉద్యోగవిరమణానంతరము చేపట్టిన పని ఒక్కటే: తండ్రిగారు పంచదశికి తెలుగున వ్రాసికొనిన వివరణమును టైపు చేయుట. పదకొండు నోటుపుస్తకములు. 1986 ఆగస్టులో గోదావరి వరద కోనసీమ లంకలను ముంచెత్తినపుడు, పూర్వీకుల యింటిలో అటకమీదికి చేరని నాలుగు పుస్తకములు రెండు దినములు నీటిలో నానెను. ఆఱిన పిమ్మట పుటలొకదానికొకటి అంటుకొనిపోయెను. వానిని ఆవిరి పట్టి విడదీసి, భూతద్దముతో చదివి, వెంటనే టైపు చేయవలెను. విడివడిన పుట ఆ పూటకు నిలుచును. మఱునాటికి అంచులు పొడియై రాలును. ఆ నాలుగు పుస్తకములకు సంబంధించినంతవరకు టైపు చేసిన ప్రతియే ప్రతి. మూలము లేదు.

విండోస్ ఎక్స్‌పీతోబాటు వచ్చిన తెలుగు అక్షరరూపమునకు గౌతమి అని పేరు. గౌతమీ జలములు చెఱిపిన అక్షరములు గౌతమి లిపిలోనే మరల నిలుచుచుండుట ఆయనకు ఒకింత వింతగా నుండెడిది.

పని ఏడవ ప్రకరణమైన తృప్తిదీపమునకు వచ్చుసరికి యంత్రము మందగించెను. పంచదశిలో మిక్కిలి పెద్ద ప్రకరణమదియే. బృహదారణ్యకోపనిషత్తునందలి ఒకే ఒక్క మంత్రమును పట్టుకొని సుమారు మూడువందల శ్లోకములలో విద్యారణ్యులవారు విచారణ సాగించిరి. మనవడు కెమెరాతో తీసిన పుటల చిత్రములను కూడ అదే ఫైలులో చేర్చుచు వచ్చుటచే అది బాగుగా లావెక్కెను. తెఱచుటకు నిమిషమునకు పైగా పట్టుచుండెను. ఆ నిమిషము యంత్రగర్భమునుండి ఎవరో బియ్యములో రాళ్ళేరుచున్నట్లు చిన్నచిన్న చప్పుళ్ళు వినవచ్చెడివి.

అదే కాలమున ఇంకొకటియు జరుగుచుండెను. దానిని ఆయన ఎవరికిని చెప్పలేదు. ప్రతిదినము తెల్లవారుజామున తృప్తిదీపమునుండి కొన్ని శ్లోకములు పారాయణము చేయుట ఆయనకు యౌవనమునుండి అలవాటు. ఇపుడు నడుమ నడుమ ఆగవలసి వచ్చుచుండెను. శ్లోకము మఱపునకు వచ్చుట కాదు. తొలిపాదము ఒకచోట, రెండవపాదము వేఱొకచోట ఉన్నట్లు, వెదకికొనుచు పోవలసివచ్చెడిది. దొరకెడిది. కాని ఆలస్యముగా దొరకెడిది.

దసరా సెలవులకు కాకినాడనుండి ఇంజనీరింగు చదువుచున్న మనవడు వచ్చెను. యంత్రముయొక్క అవస్థ చూచి, డిస్క్ డిఫ్రాగ్మెంటర్ అను పరికరమును తెఱచి, ముందుగా పరీక్ష మాత్రము చేయుమని ఆజ్ఞాపించెను. కొన్ని నిమిషములలో తెరమీద ఒక అడ్డుపట్టీ నిండెను. నీలము, ఎఱుపు, ఆకుపచ్చ, తెలుపు.

“నీలం రంగువి వరుసగా ఒకేచోట ఉన్న ఫైళ్ళు తాతగారూ. ఎఱ్ఱవి ముక్కలుగా చెదిరినవి. తెలుపు ఖాళీ.”

“ఆ పచ్చవో?”

“అవి కదల్చడానికి వీల్లేనివి. విండోస్ సొంతానికి వాడుకునేవి. వాటి జోలికి పోదు.”

ప్రారబ్ధమన్నమాట అని తాతగారు నవ్వెను. సంచితమును సర్దవచ్చును, ప్రారబ్ధమును అనుభవింపవలసినదే అని వెంటనే ఆయనకు స్ఫురించెను. పోలిక ముచ్చటగా నున్నది కాని, దానిని ఎక్కువ దూరము లాగరాదు. ఆ పచ్చని భాగములలో ముఖ్యమైనది పేజి ఫైలు, దాని పరిమాణమును స్థిరముగా నిర్ణయించినచో మఱింత చెదరకుండ నిలుచును. ప్రారబ్ధమున కట్టి సదుపాయము లేదు.

పరీక్షాఫలమున ఎక్కువగా చెదరిన ఫైళ్ళ పట్టిక గలదు. మొదటి పంక్తిలోనే తృప్తిదీపము. నాలుగువేల నూఱు తునకలు. మనవడు కాగితముమీద లెక్క వేసి చూపెను. డిస్కులోని పళ్ళెము నిమిషమునకు 7200 మారులు తిరుగును, అనగా ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు. కావలసిన చోటు చదువుతలక్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము. తల ఒక వలయమునుండి మఱొక వలయమునకు జరుగుటకు ఇంకొక తొమ్మిది. వెరసి తునకకు పదమూడు. వరుసగా నున్న ఫైలునకు ఈ వ్యయము ఒక్కమారే. నాలుగువేల నూఱు తునకలకు ఏబదిమూడు సెకనులు, చదువుటకు గాక కేవలము తిరుగుటకే.

ఇట్లేల చెదరును? డిస్కులో చోటు చిన్న గదులుగా విభక్తమై యుండును. ఒక ఫైలును తుడిచినపుడు దాని గదులు ఖాళీయగును. తరువాత వచ్చిన పెద్ద ఫైలునకు ఒకేచోట తగినంత ఖాళీ లేనిచో, దొరకిన సందులలోనెల్ల తలదాచుకొనును. ప్రతిదినము తెఱచి, నాలుగు పంక్తులు చేర్చి, భద్రపఱచు గ్రంథము ప్రతిదినము మఱికొంత చెదరును. ఎంత శ్రద్ధగా పని చేసిన నంతగా చెదరుననుట ఆయనకు కష్టముగా తోచెను.

ఇక సర్దుదమా యని మనవడు అడుగగా ఆయన వలదనెను. చేయి అడ్డముపెట్టి మౌస్‌ను పట్టుకొనెను.

“నాన్నగారి అక్షరాలను ముక్కముక్కగా ఎత్తి ఇంకోచోట పెడుతుందన్నమాట. మధ్యలో కరెంటు పోతేనో?”

ప్రశ్న సమంజసమే. ఊరిలో కోతలు నిత్యము. మనవడు ఓపికతో బదులిచ్చెను: పాతచోట నున్నదానిని ముందుగా చెఱపదు, క్రొత్తచోట మొత్తము వ్రాసి, వ్రాయుట ముగిసిన పిమ్మటనే పట్టికలో చిరునామా మార్చును, నడుమ ఆగినచో పాత చిరునామాయే చెల్లును. తునకలైన ఫైలు చెడిన ఫైలు కాదనియు చెప్పెను. చదువువానికి అది ఎప్పుడును అఖండముగనే కనబడును. ఏ తునక తరువాత ఏ తునక యన్న క్రమము పట్టికలో చెక్కుచెదరక యుండును.

ఈ మాటలు వినుచు ఆయన ఆగి ఆలోచనలో పడెను. తృప్తిదీపముననే దశమపురుష వృత్తాంతము గలదు. పదుగురు నదిని దాటిరి. ఆవలి యొడ్డున లెక్కపెట్టువాడు తన్ను వదలి తొమ్మండుగురినే లెక్కించి, పదవవాడు మునిగిపోయెనని విలపించెను. దారిన పోవు ఆప్తుడొకడు వచ్చి, పదవవాడవు నీవేయని చూపువఱకు ఆ యేడుపు ఆగలేదు. అజ్ఞానము, ఆవరణము, విక్షేపము మొదలుకొని తృప్తి వఱకు ఏడు అవస్థలను విద్యారణ్యులవారు ఈ కథమీదనే నిరూపించిరి. పోయినదేమియు లేదు. అయినను పోయినదనుకొనిన వాని దుఃఖము నిజమే గదా. ఆయన మౌస్‌ను వదలెను.

“అయినా ముందు కాపీ తీద్దాం తాతగారూ. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు” అని మనవడే యనెను. రెండు సీడీలు సిద్ధమాయెను. ఒకటి దేవుని గదిలోని పెట్టెలోనికి, ఒకటి కాకినాడ పోవు సంచిలోనికి. ఇన్ని నెలలు ఒక్క ప్రతియైనను వేఱుగా తీయక, ఒకే పళ్ళెమును నమ్ముకొని కూర్చుండుట ఎంతటి సాహసమో ఆయనకు ఆ సీడీలను చూచినపుడు తెలిసివచ్చెను.

అప్పుడు వేఱొక అడ్డు వచ్చెను. గ్రంథమున్న డి భాగము ఇరువది గిగాబైట్లు. అందు ఖాళీ తొమ్మిది శాతమే. సర్దుటకు కనీసము పదునైదు శాతము ఖాళీ కావలెనని యంత్రము హెచ్చరించెను. నిండిన గదిలో సామానులు సర్దలేము. దించుటకు వరండా కావలెను. ఖాళీ లేకున్నను బలవంతముగా నడపించు మార్గమొకటి ఆజ్ఞాపంక్తిలో గలదు గాని, దానిని వాడకుండుటయే మేలు. సగము సర్ది ఆగును.

చోటు తినినవేవి? ప్రవచనములు. మిత్రులిచ్చినవి, శిష్యులిచ్చినవి, గంటల కొలది ధ్వనిముద్రికలు, సుమారు మూడువందలు. అందు ఆయన వినినవి పది పండ్రెండు. తక్కినవి ఎప్పుడో విందమని దాచినవి. సద్వస్తువే యైనను దాచుకొనుటలో లోభముండునని శిష్యులకు చెప్పినవాడే, తుడువబోయి, ఒకసారి విని తుడుతమని ఆరంభించి రెండు దినములు గడపెను. మూడవనాడు ఇల్లాలు వచ్చి, “ఏమండీ, సెలవులైపోతున్నాయి, పిల్లాడు వెళ్ళిపోతాడు” అనవలసివచ్చెను. ఆ మధ్యాహ్నము నూటయేబది తుడువబడెను. చెత్తబుట్టను ఖాళీ చేయువఱకు చోటు తిరిగి రాదన్న సంగతియు అప్పుడే తెలిసెను.

ఆ రాత్రి సర్దుట మొదలయ్యెను. తెల్లవారుసరికి పట్టీ నిండ నీలము. ఒక మూల రెండు పచ్చని గీతలు. తృప్తిదీపము కొన్ని క్షణములలో తెఱచుకొనెను.

మరల చెదరకుండుటెట్లు? చెదరక మానదు, కావున నియమముగా సర్దుచుండవలెను. ఎక్స్‌పీలోని ఆ పరికరమునకు స్వయముగా కాలనియమము లేదు. షెడ్యూల్డ్ టాస్క్స్ అను వేఱొక సాధనమున డిఫ్రాగ్ అను ఆజ్ఞను, ఏ భాగమునకో ఆ అక్షరమును చేర్చి, దినమును వేళను నియమింపవలెను. గ్రంథమున్న డి భాగమునకు తఱచుగా, విండోస్ ఉన్న సి భాగమునకు నెలకొకసారి చాలునని నిశ్చయమాయెను. దినమేది యన్నచోట చిక్కువడెను. ఏకాదశినాడు ఆయన గ్రంథము ముట్టడు. యంత్రమునకును అదే దినము తగునని కోరెను. వారము, నెల, తేది అన్నియు ఆ సాధనమునకు తెలియును. తిథి తెలియదు. పదునైదు దినములకొకసారి యని పెట్టవచ్చునా యని ఆలోచించి, తిథులు వృద్ధిక్షయములు గలవి గాన రెండు నెలలలో ఏకాదశి ద్వాదశియగునని తానే విడిచెను. తుదకు గురువారము ఉదయము ఐదు గంటలు. అది ఆయన పారాయణవేళ. యంత్రమును వెలిగించి లోనికి పోవును, ఎవరును దానిని ముట్టరు. వైరస్ పరీక్ష కూడ అదే వేళకు ఉండగా దానిని ఆదివారమునకు మార్చిరి. ఇద్దఱు ఒకే పళ్ళెమును తమతమ వైపులకు లాగినచో ఇద్దఱి పనియు చెడును.

మూడు గురువారములు గడచిన పిమ్మట ఎఱ్ఱగీతలు మరల కనబడెను. ఆయన ఫోను చేయగా, ఆ పట్టికలో స్థితి యను నిలువువరుస చదువుమని మనవడు చెప్పెను. ఆరంభింపలేకపోతినని వ్రాసియుండెను. కారణము సంకేతపదము. ఆ యింటి యంత్రమునకు అదిలేదు. సంకేతపదము లేని ఖాతా పేర వెనుకటింట పనులు నడపుటకు ఎక్స్‌పీ సమ్మతింపదు. ఒక పదము పెట్టుకొనుడని మనవడనగా చాలసేపు మాట లేదు.

“వద్దురా నాన్నా. నేను మరచిపోతే?”

ఆ మాట అనినది మొదటిసారి. అవతలివైపున కుఱ్ఱవానికి అర్థమైనదో లేదో. కొంతసేపటికి వాడు మెల్లగా, అదే గవాక్షమున ఇంకొక గడి గలదనియు, వాడుకరి లోపలనుండగా మాత్రమే నడపుమని దానిలో గుర్తు పెట్టినచో పదముతో పని యుండదనియు చెప్పెను. ఖాతా ఒక్కటే గాన యంత్రము వెలుగగనే లోనికి పోవును. గుర్తు పెట్టెను.

నాలుగవ గురువారము ఐదు గంటలకు ముందుగదిలో రాళ్ళేరు చప్పుడు మొదలయ్యెను. లోపల ఆయన దశమపురుష ప్రకరణము పారాయణము చేయుచుండెను. ఎప్పుడును ఆగు శ్లోకముకడనే ఆగెను. కన్నులు మూసి వెదకెను. వంటింటినుండి, పొయ్యిమీది పాలు దించుచున్న ఇల్లాలు, అయిదు పదుల యేండ్లుగా గోడ కావలినుండి వినినది, తరువాతి పాదము నందించెను. సంస్కృతము ఆమె చదువలేదు. ఒక దీర్ఘము హ్రస్వమైనది.

ఆయన దిద్దలేదు. తక్కిన పాదములను పూర్తి చేసి, లేచి వచ్చి, “ఇంకా ఏవేవి వచ్చు నీకు?” అని అడిగెను.