కాలయంత్రంలో మావాళ్లు

1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు నాకు పదేళ్లు. అబ్బా పక్కన కూర్చుని చూశాను. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైతే బెజవాడలో నా కొడుకుని తీసుకెళ్లాను. భవిష్యత్ లోకం సెట్లు చూసి 'అట్టపెట్టెలు' అన్నాడు వాడు. నిజమే. అయినా సింగీతం వారి కాలయంత్రం కదలగానే నాకు మళ్లీ పదేళ్లే.

రాయల విజయనగరం రాగానే మాత్రం చిన్నప్పటిలాగే మావాళ్ల కోసం వెతికాను. చరిత్ర పాఠం రోజున బడంతా నావైపే చూసేది, ఆ నగరాన్ని నేనే కూల్చినట్టు! రాయల సైన్యంలోనూ తురకలున్నారని ఎవరూ చెప్పలేదు. ఇబ్రహీం కుతుబ్‌షా అక్కడే ఏడేళ్లు తలదాచుకున్నాడు, గోల్కొండలో తెలుగు కవుల్ని పోషించాడు, 1565లో ఆ నగరం మీదికే దండెత్తాడు. అన్నీ నిజాలే.

"మనోళ్లేరి అబ్బా?" అన్నాడు కొడుకు.

"ఉన్నారు బేటా. సినిమా అటు చూడలేదంతే."

ఆదివారం మళ్లీ వద్దామన్నాడు. సరేనన్నాను.