కృష్ణమ్మ ఆఖరి మజిలీ

కొండలూ జలపాతాలూ కావాలంటే అరకు వెళ్లాలి. దివిసీమలో ఉన్నదంతా నీరే!

అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా వెళితే వరిచేలు, రొయ్యల చెరువులు దాటాక హంసలదీవి వస్తుంది. వేణుగోపాలస్వామి దర్శనమయ్యాక పాలకాయతిప్ప తీరానికి వెళ్లొచ్చు. మహాబలేశ్వర్ దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు ప్రయాణించిన కృష్ణ సముద్రంలో కలిసేది ఈ చుట్టుపక్కలే. మాఘపౌర్ణమికి పుణ్యస్నానాల కోసం జనం పోటెత్తుతారు. తీరిగ్గా చూడాలంటే మాత్రం మామూలు రోజులే మేలు.

ఆ చుట్టుపక్కల మడ అడవులనూ చూడాల్సిందే. బావురుపిల్లికి నెలవైన ఈ చెట్లే అలల జోరుకు అడ్డుకట్ట. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ విషాదాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇక్కడి ఊళ్లలో ఇంకా ఉన్నారు. అడిగితే నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో చెబుతారు.

పిల్లలతో వెళ్లేవాళ్లు సంగమం దగ్గర లోతుకు దిగకండి. చీకటి పడకముందే బయల్దేరండి.