పిల్లలమర్రి చెప్పిన మాట

రోజూ జిమ్‌కు వెళ్తున్నా తూకం ముల్లు కదలడం లేదా? దిగులు పడకండి. ఈసారి మహబూబ్‌నగర్ వెళితే, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రిని చూసి రండి. మూడెకరాల్లో ఊడలు దించిన మర్రి. ఏడొందల ఏళ్ల నాటిదంటారు. అంతటి చెట్టునూ చెదలు లోలోపల తొలిచాయి. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు.

మన ఒళ్లూ అంతే. కారణం లోపల ఉండొచ్చు. డాక్టర్నడిగి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రెండో కారణం మన వంటింట్లోనే ఉంది! గంటసేపు చెమటోడ్చి, 'కష్టపడ్డాంగా' అని నాలుగు మిర్చిబజ్జీలు తింటే లెక్క సరి. పిల్లలు వదిలేసిన అన్నం పారేయలేక తినేదీ లెక్కే. ఇక్కడి జొన్నరొట్టె మంచిదే, కానీ ఎన్ని తింటున్నామో చూసుకోవాలి.

నాకు తూకం పెద్దగా తగ్గలేదు గానీ, పాత జాకెట్టు మళ్లీ పట్టింది. అదీ తగ్గడమే కదూ!