కందెన

మా నాయనగారు సేద్యము చేసెడివారు. మా ఇంట ఒక జత ఎడ్లును, ఒక బండియు నుండెడివి. తెల్లవారుజామున బండి కట్టుటకు ముందు ఆయన చేయు పనులు కొన్ని గలవు. ఇరుసు చివరల నున్న శీలలు తీసి చూచెడివారు. చక్రమును కొంచెము వెలుపలికి జరిపి ఇరుసునకు కందెన పూసెడివారు. చక్రపు పట్టా వదులైనదేమో యని తట్టి చప్పుడు వినెడివారు. తుదకు ఎడ్ల గిట్టలెత్తి లాడములు చూచి, పిదపనే కాడి యెత్తెడివారు. దీనికంతకు పావుగంట పట్టెడిది. చిన్నతనమున నాకది వట్టి చాదస్తముగా తోచెడిది.

1996వ సంవత్సరమున నాకు మార్కాపురములో ఒక చిన్న యుద్యోగము దొరకినది. మార్కాపురము పలకలకు పేరొందిన ఊరు. మా గ్రామమునుండి అక్కడికి 14 కిలోమీటర్లు. కొంత సొమ్ము కూడబెట్టి, కొంత అప్పు చేసి, ఒక మోటారు సైకిలు కొంటిని. దానిని చూచి నేను పొందిన గర్వమింతింత యని చెప్పజాలను. ప్రతి ఆదివారమును బావి యొద్ద నిలిపి నీళ్లు పోసి కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, అద్దమువలె మెరయునట్లు చేసెడివాడను. బండిని శ్రద్ధగా చూచుకొనుట యనగా నింతే యని నా నమ్మకము. బండితో నిచ్చిన చిన్న పుస్తకమును విప్పియైన చూడలేదు.

కొన్ని నెలలు గడచినవి. ఒకనాడు నేను ఇంటికి వచ్చుచుండగా నాయనగారు అరుగుమీద కూర్చుండి చెవి యొగ్గి వినిరి. “ఒరే అబ్బాయీ, నీ బండి పాడుచున్నదిరా! కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని పెద్దలు ఊరక అనలేదు. ఒకసారి చూపించు” అనిరి. నిజమే, వెనుక చక్రము వైపునుండి కిఱకిఱ మను ధ్వని కొన్ని దినములుగా వచ్చుచుండెను. “ఇది ఎద్దుల బండి కాదు నాయనా, యంత్రము” అని నవ్వి లోపలికి పోతిని. ఆయన మరి మాటాడలేదు.

మా చెల్లెలు ఆ యేడు పదవ తరగతి చదువుచుండెను. పరీక్షలు మార్కాపురములోనే. గణితపు పరీక్షనాడు ఉదయము ఆమెను వెనుక కూర్చుండబెట్టుకొని బయలుదేరితిని. సగము దారి దాటినాము. ఒక కల్వర్టు ముందు గతుకులు వచ్చుటచే వేగము తగ్గించితిని. అంతలో కాలి క్రింద ‘ఠళ్లు’ మను శబ్దము వినబడెను. చైను ఊడి వెనుక చక్రపు పండ్లలో ఇరుకుకొనినది. చక్రము తిరుగక బిగిసిపోయెను. బండి ప్రక్కకు ఈడ్చుకొనిపోయి మే మిరువురమును కంకరపై బడితిమి.

వేగము తక్కువగుటచే ప్రాణములు దక్కినవి. కాని చెల్లెలి కుడి అరచేయి కొట్టుకొనిపోయి నెత్తురు కారుచుండెను, మణికట్టు వాచెను. ఆమె ఏడువలేదు. ఎడమచేతితో ప్రవేశపత్రమును ఏరుకొని, “అన్నయ్యా, వేళ యెంతయినది?” అని మాత్రమడిగెను. ఆ ప్రశ్న నా గుండెలో నాటుకొన్నది.

దైవికముగా పలకల లారీ యొకటి ఆ త్రోవను వచ్చినది. డ్రైవరు మమ్ము చూచి ఆపి, “ఎక్కమ్మా, నిన్ను బడి ముందే దింపెదను” అని తన తుండుగుడ్డ చించి ఆమె చేతికి కట్టు కట్టెను. ఆమె వేళకు చేరినది. ఆ చేతితోనే పరీక్ష వ్రాసినది. ఉత్తీర్ణురాలైనది గాని, గణితములో ఆమె ఆశించినన్ని మార్కులు రాలేదు. ఇన్నేండ్లలో ఒక్కనాడును ఆమె నన్ను నిందింపలేదు. అందుచేతనే నే నా సంగతి మరువలేకున్నాను.

మధ్యాహ్నము బండిని మరమ్మతు దుకాణమునకు తోసికొనిపోతిని. దుకాణపు సాహెబుగారు వృద్ధులు. ఆయన చైనును కప్పియున్న రేకు డబ్బాను విప్పి నాకు చూపిరి. చైను తుప్పు పట్టి, సాగి, వ్రేలాడుచుండెను. పండ్లచక్రపు కొనలు అరిగి కొక్కెములవలె వంగియుండెను. “బాబూ, పైన ఇంత మెరుపు! లోపల ఇంత ఆకలి! ఈ డబ్బాకు రబ్బరు మూత యొకటి కలదు. అది తీసి వ్రేలితో చైనును కదపి చూచియుండినచో నెలనాడే తెలిసియుండును” అనిరి. ఆ మూత తీయుటకు అర నిమిషమైన పట్టదు.

ఆనాడు సాహెబుగారు నాకు నేర్పిన పనులనే నేటికిని చేయుచున్నాను. మీరును తెలిసికొనుట మంచిది.

ప్రతి ఉదయమును బండి యెక్కుటకు ముందు రెండు టైర్లను చూడవలెను. మేకు గాని, చీలిక గాని యున్నదేమో కనుగొనవలెను. ముందు బ్రేకును, వెనుక బ్రేకును విడివిడిగా నొక్కి చూడవలెను. దీపములు, హారను పనిచేయుచున్నవో లేదో పరీక్షింపవలెను.

వారమున కొకమారు గాలి కొలిపించవలెను. టైర్లు చల్లగా నున్నప్పుడే కొలత సరిగా తెలియును. నా బండికి చదరపు అంగుళమునకు ముందు 25 పౌన్లు, వెనుక 28 పౌన్లు అని పుస్తకములో నుండెను. వెనుక మరియొకరు కూర్చుండినచో ఇంకను హెచ్చు కావలెను. గాలి తగ్గిన టైరు నేలపై ఎక్కువగా నణగి, మాటిమాటికి వంగుటచే వేడెక్కి త్వరగా చెడును.

ఇంజను ఆయిలును చదునైన నేలపై బండిని నిటారుగా నిలిపి చూడవలెను. కొలపుల్లపై రెండు గీతలుండును. ఆయిలు ఆ రెంటి నడుమ నుండవలెను. ఇనుము ఇనుముతో నొరసికొన్నచో రెండును అరుగును. నడుమ పలుచని నూనెపొర యున్నచో ఆ ఒరపిడి తగ్గును. మా నాయనగారి కందెనకును, ఇంజనులోని ఆయిలునకును పని యొక్కటియే.

చైనును సుమారు 500 కిలోమీటర్ల కొకమారు శుభ్రపరచి నూనె వేయవలెను. దాని క్రింది వరుసను నడుమ పట్టి కదపినచో రెండు మూడు సెంటీమీటర్ల వదులుండవలెను. మిక్కిలి వదులైన ఊడును. మిక్కిలి బిగువైన తెగును. బిగించునప్పుడు చక్రమున కిరువైపుల గుర్తులు సమానముగా నుండవలెను. పిదప వెనుక బ్రేకును మరల సరిచూడవలెను. ఏలయన చక్రము జరిగినప్పుడు బ్రేకు పట్టును మారును. నూనె టైరుపైన గాని, బ్రేకుపైన గాని పడరాదు. ఒక్క మాట మాత్రము మరువరాదు: ఇంజను నడచుచుండగా చైనుపై ఎన్నడును చేయి పెట్టరాదు. ఇంజను ఆపి, చక్రమును చేతితో త్రిప్పుచునే ఈ పని చేయవలెను. అజాగ్రత్తచే వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు కలరు.

నేడు బండ్లు చాల మారినవి. డిస్కు బ్రేకులు, ట్యూబు లేని టైర్లు వచ్చినవి. విద్యుత్తుతో నడచు బండ్లకు ఇంజను ఆయిలే అక్కరలేదు. వానిలో పెక్కింటికి చైనును లేదు. కాని గాలి లేని టైరును, పట్టు లేని బ్రేకును క్షమించు బండిని ఎవరును ఇంకను చేయలేదు.

బాలబాలికలారా! మీకు గేర్ల మోటారు సైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను, లైసెన్సును పొందవలెను. అంతవరకు మీకు సైకిలున్నది. దానికిని చైనున్నది, బ్రేకున్నది, టైరున్నది. ఈ పాఠమును దానిపై నభ్యసింపుడు. ఇంట పెద్దలు బండి తీయునప్పుడు టైర్ల వంక ఒకమారు చూడుడు.

ఆ సాయంకాలము నేను చెల్లెలితో ఇల్లు చేరునప్పటికి నాయనగారు వాకిట నిలిచియుండిరి. కట్టు కట్టిన చేతిని చూచిరి, నన్ను చూచిరి. ఒక్క పరుషవాక్యమైన పలుకలేదు. మరునాడు తెల్లవారుజామున నేను లేచి వచ్చునప్పటికి నా బండి ప్రక్కన ఒక చిన్న నూనె డబ్బాయు, పాత గుడ్డపేలికయు పెట్టియుండెను. ఆయన ఎప్పటివలెనే తమ బండి యొద్ద వంగి ఇరుసునకు కందెన పూయుచుండిరి. నేనును నా బండి యొద్ద కూర్చుంటిని.